కూతురుంటే మైనస్ ఐదు

ఇరవై రెండేళ్ళలో హార్లన్ పిష్కే తొమ్మిది జన్మలెత్తాడు. తొమ్మిదింటిలోనూ అనాథే. ఒక జన్మలో కత్తి పట్టాడు, ఒక జన్మలో మంత్రాలు చదివాడు, ఇంకో జన్మలో తోడేళ్ళ మధ్య పెరిగిన వేటగాడినంటూ ఏడాదిన్నర పాటు గుర్రుమనడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఏ జన్మలోనూ అమ్మ లేదు, అయ్య లేడు, అక్కచెల్లెళ్ళ ఊసే లేదు. ఊరు తగలబడిందనో ఓడ మునిగిందనో ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకునేవాడు.

ఇదంతా అమెరికాలో రాసీన్ అనే ఊళ్ళో లోర్నా జాస్ట్రో ఇంటి నేలమాళిగలో, శనివారం మధ్యాహ్నాలు సాగే ఆట సంగతి. ఆ ఆటలో గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై మాట్లాడతారు. తలపెట్టిన పని అయిందా, చెడిందా అన్నది పాచికలు తేలుస్తాయి. రిటైరైనవాళ్ళూ, రేపో మాపో పెన్షన్ తీసుకోబోయేవాళ్ళూ పెన్సిళ్ళు చెవిలో దోపుకుని, లేని రాక్షసుడి గురించి నిజంగా పోట్లాడుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు ఈ ముక్క బయట ఎక్కడా చెప్పుకోరు.

కథ నడిపేది లోర్నా. ముప్పై ఒక్క ఏళ్ళు బడి లైబ్రరీలో పిల్లల నోళ్ళు మూయించి రిటైరైన మనిషి. ఎవరింట్లో పిల్లికి జబ్బు చేసినా తనే సూప్ కాచి పట్టుకెళుతుంది. ఆటలో కూర్చుంటే మాత్రం ఆమెకి దయాదాక్షిణ్యాలు ఉండవు. నీ మనిషికి చెల్లెలుందని కాగితం మీద రాశావో, రెండో వారానికల్లా ఆ పిల్లని ఎవడో ఎత్తుకుపోతాడు. తల్లి ఉందంటే మంచాన పడుతుంది. సొంత ఊరుందంటే మంటల్లో ఉంటుంది. సిటీ బస్సు నడిపే వెర్న్ కుబియాక్ ఒకప్పుడు అమాయకంగా ఆరుగురు అన్నదమ్ముల్ని రాసుకున్నాడు. ఆ ఆరుగురినీ ఒక్కొక్కణ్ణే విడిపించుకొచ్చేసరికి నాలుగేళ్ళు పట్టింది, వెర్న్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచీ అతనూ అనాథే. ఆ నేలమాళిగలో ఇంగితమున్నవాడెవడూ బతికున్న చుట్టాన్ని వెంటబెట్టుకుని ఆటకి రాడు.

మూడో కుర్చీ గ్లెన్‌ది. మోకాళ్ళ నొప్పులకి చలి పడటం లేదని అతను అరిజోనా వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ అయిన వారానికే, శుక్రవారం చేపల వేపుడు ముందు కూర్చుని, హార్లన్ కూతురు మారెన్ అడిగింది.

“ఆ శనివారం ఆటలోకి నేనూ రావచ్చా?”

హార్లన్ చేతిలో చేపముక్క చేతిలోనే ఉండిపోయింది. మారెన్‌కి ఇరవై ఏడు. ఆమె పదిహేనో ఏట తల్లిదండ్రులకి విడాకులయ్యాయి. తల్లి ఆమెని తీసుకుని డులూత్ వెళ్ళిపోయింది. ఆరేడు గంటల దారి. నెలకోసారి వస్తానన్నాడు హార్లన్. మూడు నెలలు వెళ్ళాడు. నాలుగో నెల ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ అన్నాడు. ఆ ఓవర్‌టైమ్ పన్నెండేళ్ళు సాగింది. ఇప్పుడు మారెన్ ఈ ఊళ్ళోనే పళ్ళ క్లినిక్‌లో ఉద్యోగానికి వచ్చింది, వారానికోసారి తండ్రితో కూర్చుని చేపలు తింటోంది, వాతావరణం గురించి మాట్లాడుతోంది. ఇద్దరికీ వాతావరణం గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలిసి ఉండదు.

“రా” అన్నాడు హార్లన్. “ఒక్క శనివారం వచ్చి చూడు. నచ్చితే ఉందువు గాని.”

ప్రతి శనివారం ఆ పిల్ల గ్లెన్ కుర్చీలో కూర్చుంటే ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదనిపించింది అతనికి. ఆ మాట చెబితే సరిపోయేది. చెప్పడానికి నోరు రాలేదు గనక ఇంటికెళ్ళి పట్టిక మొదలుపెట్టాడు.

హార్లన్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పళ్ళచక్రాలు కొలిచే ఇన్‌స్పెక్టరు. వెంట్రుకవాసి తేడా ఉన్న చక్రాన్ని పక్కన పడేస్తాడు. మనుషుల విషయంలో ఆ కొలబద్ద పనిచెయ్యదని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా కొలిచి చూసేవాడు. కొత్త కథకి ఏ లోకం తీసుకోవాలో ఇంకా తేలలేదు. పోటీలో మూడు లోకాలున్నాయి, మూడింటికీ మూడు లావుపాటి పుస్తకాలున్నాయి. ఒక్కో పుస్తకంలో నీ మనిషి పుట్టుపూర్వోత్తరాలు ఎలా ఉండవచ్చో ఇరవయ్యేసి రకాలు రాసి ఉంటాయి. దొంగగా పెరిగావా, దొరబిడ్డవా, దేనికైనా దాని లాభం దానిదే, దాని నష్టం దానిదే. మొత్తం అరవై ఒక్క రకాలనీ హార్లన్ పక్కపక్కన పెట్టి, రంగులు వేసి, కూడికలూ తీసివేతలూ చేశాడు. కూతురు తప్పు పుట్టుక ఎంచుకోకూడదని అతని తాపత్రయం. సరైన పుట్టుక ఎంచుకోవడంలో కూతుళ్ళకి ఎంత చాయిస్ ఉంటుందో మాత్రం ఆలోచించలేదు.

మొదటిది బూడిదనేల. కొండ పేలి లోకమంతా బూడిదైంది, అందరూ ఆకలితో ఉంటారు. అక్కడ దొరబిడ్డగా పుడితే ఒక కోట, పన్నెండుమంది శత్రువులు వస్తారు. కోటకి పైకప్పుండదు. రెండోది వెయ్యి రేవుల సముద్రం. దొరబిడ్డగా పుడితే అక్కడ ఓడ ఇస్తారు, నడిపేవాళ్ళని ఇవ్వరు. మూడోది చుక్కల మధ్య ఇనుప ఓడల్లో తిరిగే లోకం. అందులో దొరబిడ్డవని చెప్పుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. పైగా ఆ లోకంలో పుట్టుపూర్వోత్తరాలు మనం ఎంచుకునేవి కావు, పాచికలు వేసి తెలుసుకోవాలి. పాచిక తిరగబడితే కథ మొదలుకాకముందే చచ్చిపోవచ్చు. వెర్న్ ఆ లోకంలో రెండుసార్లు పుట్టకుండానే పోయాడు. మూడోసారి ప్రాణం దక్కింది గానీ కాలు పోయింది.

“బస్సు డ్రైవర్‌గా ముప్పై ఏళ్ళు ఒక్క యాక్సిడెంట్ లేదు. కాగితం మీద ఇంకా పేరు కూడా పెట్టలేదు, కాలు తీసేశారు” అని ఇప్పటికీ వాపోతాడు.

అనాథల విషయంలో మాత్రం మూడు లోకాలూ ధారాళంగా ఉన్నాయి. బూడిదనేలలో అనాథకి రెండు అదృష్టాలు ఎక్కువ, అంటే పాచిక ఎదురుతిరిగినప్పుడు రెండుసార్లు మళ్ళీ వేసుకోవచ్చు. సముద్రంలోనూ అవే రెండు, పైగా ఎన్నటికీ మునగడు. చుక్కల లోకంలో సర్కారువాళ్ళు పెంచుతారు, ఒక జత బూట్లు ఇస్తారు. హార్లన్ మూడు లోకాలకీ ముగ్గురు అనాథల్ని సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

ఇలా ఐదు శనివారాలు గడిచాయి. మారెన్‌ని లోకం తేలాక రమ్మన్నారు. లోకాన్ని ఎంచుకోవడానికి కూర్చోవడం, హార్లన్ పట్టిక పరచడం, వెర్న్ కాలు గుర్తుచేసుకోవడం, ఇంటికెళ్ళడం. ఐదో శనివారం లోర్నాకి ఓపిక నశించింది.

“చాలు. దేవుడు కూడా లోకాన్ని ఆరు రోజుల్లో ముగించాడు. వచ్చే వారం ఆ అమ్మాయి ఏ పుస్తకంలోంచి మనిషిని ఎంచుకుంటే మనందరిదీ ఆ లోకమే. నోరెత్తినవాణ్ణి కథలో మొదటి పూటే ముసలి మొసలి మింగేస్తుంది.”

ఆరో శనివారం మారెన్ వచ్చింది. బయట మోకాలి లోతు మంచు. బూట్లు మెట్ల మీద విప్పి, ఉన్ని మేజోళ్ళతో దిగి, గ్లెన్ కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. హార్లన్ పంపిన పట్టికని అచ్చు వేయించి, నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. లోర్నా వాల్‌నట్లు కూరిన క్రింగిల్ అనే తీపి రొట్టె ముక్కలు కోసి పెట్టింది.

“మీ నాన్న గురించి ఒక్కటి చెబుతాను అమ్మాయీ” అంది లోర్నా, ముక్క అందిస్తూ. పాపం, పొగుడుదామనే. “ఇరవై రెండేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు. మంచు తుఫానుకి ఊరంతా మూసేసిన రోజు కూడా నడిచొచ్చాడు.”

మారెన్ క్రింగిల్ కొరకబోయి ఆగింది.

“శనివారాలు ఓవర్‌టైమ్ ఉండేది కాదన్నమాట” అంది.

వెర్న్ తన కాఫీ కప్పులోకి శ్రద్ధగా చూశాడు. హార్లన్ ఏదో ఒకటి అనాలి గనక “పట్టిక చూశావా?” అన్నాడు.

“చూశాను. లైట్‌హౌస్ కాపలాదారు కూతుర్ని తీసుకుంటున్నాను.”

అంటే వెయ్యి రేవుల సముద్రం. లోర్నా వెంటనే మిగతా రెండు పుస్తకాలూ అలమారలో పెట్టి తలుపు మూసింది. హార్లన్‌కి లోకం గురించి బాధ లేదు. బాధంతా పట్టికలో వరుస నంబరు ముప్పై నాలుగు గురించి.

“అది వద్దమ్మా. దాని మొత్తం సున్నాకి దిగువన ఉంది. పడవ నడపడం వస్తుంది, చీకట్లో చూడటం వస్తుంది, అంతే. పైగా తండ్రి బతికే ఉంటాడు.”

“ఉంటే ఏం?”

“లోర్నా ఊరుకోదు. రెండో వారంలో పట్టుకుపోతుంది.”

“నేనా?” అంది లోర్నా, మహా అమాయకంగా.

“పట్టుకుపోతే ఏమవుతుంది?” అని మారెన్ అడిగింది.

“ఏమవుతుందా? అన్ని పనులూ మానుకుని వెనక పడాలి. సముద్రాలు దాటాలి. మళ్ళీ దొరికేదాకా ఇంకో ఆలోచన ఉండదు. అందుకే తెలిసినవాళ్ళెవరూ కుటుంబాన్ని పెట్టుకోరు. వట్టి నష్టం.”

మారెన్ పట్టిక మడతలు విప్పింది. చివరి వరుసల మీద వేలు పెట్టి, క్లినిక్‌లో పేషెంటుకి పుచ్చిన పళ్ళు లెక్కచెప్పినట్టు తాపీగా చదివింది.

“కుటుంబ నష్టాలు. నాయనమ్మ, మైనస్ ఒకటి.”

“లోర్నాకి ముసలమ్మలంటే ఇష్టం, ముట్టుకోదు” అని వెర్న్ వివరించాడు.

“తల్లి, తండ్రి, తలా మైనస్ రెండు. చెల్లెలు, మూడు. కుక్క, నాలుగు.”

“కుక్కనీ ఏమీ చెయ్యదు. కానీ ఏమైనా చేస్తుందేమోనన్న బెంగతో ఆట ఆడలేం” అన్నాడు వెర్న్.

“కూతురు, మైనస్ ఐదు. పక్కన ఎర్ర ఇంకుతో, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.”

ఈసారి వెర్న్ క్రింగిల్ ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

“కుక్క కంటే ఒకటి ఎక్కువే” అంది మారెన్. “సంతోషం.”

“అది ఆట లెక్క” అన్నాడు హార్లన్. “ఎంత ఎక్కువ పోతే అంత... అంటే, పోగొట్టుకున్నప్పుడు మనిషి ఎంత పనికిరాకుండా పోతాడో, ఆ కొలత.”

చెప్పాక తను చెప్పింది తనకే అర్థమైంది. కాస్త ఆలస్యంగా అర్థమైంది. మారెన్ అప్పటికే పట్టికని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి కప్పు కింద పెట్టేసింది.

“ఇవాళ్టికి ఆడతాను. రమ్మన్నారు, వచ్చాను” అంది లోర్నాతో, మర్యాదగా. “వచ్చే శనివారం చెప్పలేనండి. క్లినిక్‌లో షిఫ్టు పడేలా ఉంది.”

ఆ షిఫ్టు ఎలాంటిదో ఆ గదిలో హార్లన్‌కి తెలిసినంత ఎవరికీ తెలీదు. పన్నెండేళ్ళు అదే మాట ఫోన్‌లో తను చెప్పాడు. అవతల పదిహేనేళ్ళ పిల్ల, ‘సరే, పర్వాలేదు’ అనేది. ఆ పర్వాలేదుని నిజమని నమ్మడం ఎంత సుఖంగా ఉండేదో గుర్తొచ్చి అతనికి తనంటే అసహ్యం వేసింది.

కథ మొదలుకాకముందు ఆ బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి మనిషి పుట్టుపూర్వోత్తరాలు వాళ్ళు చదవాలి, మిగతావాళ్ళు తలా ఒక్క ప్రశ్న అడగాలి. అడిగినదానికి అక్కడికక్కడ జవాబు చెప్పి కాగితం మీద రాసుకోవాలి. మారెన్ చదివింది.

“పేరు ఇస్సా. లైట్‌హౌస్‌లో పుట్టింది. దీపంలోకి నూనె తెస్తానని తండ్రి పడవెక్కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. బతికే ఉన్నాడు. దీపం ఇస్సా వెలిగిస్తోంది.”

“ఎన్నేళ్ళ నుంచి?” అని వెర్న్ అడిగాడు.

“పన్నెండు.”

తర్వాత హార్లన్ వంతు. గదిలో ముగ్గురూ అతనికేసి చూశారు. ఒక్క ప్రశ్న. అడగాల్సినవి కడుపులో వంద ఉన్నాయి.

“ఆ లైట్‌హౌస్ ఎత్తెంత?” అన్నాడు.

వెర్న్ నుదురు పట్టుకున్నాడు.

“నూట ఇరవై అడుగులు” అంది మారెన్, రాసుకుంటూ. రాసేటప్పుడు పెన్సిల్ ముల్లు విరిగింది.

చివర్న లోర్నా అడిగింది. “ఆ తండ్రి ఎందుకు రాలేదు?”

“నాకు తెలీదు. ఇస్సాకీ తెలీదు.”

“తెలీదంటే కుదరదు అమ్మాయీ. ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి. ఈ బల్ల నియమం.”

“అయితే మీరే రాసుకోండి. ఇది నేను చెప్పాల్సిన జవాబు కాదు.”

హార్లన్ ముందు అతని కాగితం ఉంది. పదో అనాథ. పీపాలో కొట్టుకొచ్చినవాడు, రెండు అదృష్టాలు, ఎన్నటికీ మునగడు. ఐదు వారాలు చెక్కిన మనిషి. హార్లన్ రబ్బరు తీసుకుని పై వరుస నుంచి చెరపడం మొదలుపెట్టాడు. కాగితం నలిగేదాకా చెరిపాడు.

“ఒరేయ్, ఏం చేస్తున్నావు?” అన్నాడు వెర్న్.

“మనిషిని మారుస్తున్నాను. లైట్‌హౌస్ కాపలాదారు. పెద్దవాడు. నడుం నొప్పి. ఒక కూతురుంది.”

లోర్నా కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. “నీ పట్టిక నీకు గుర్తుందా? అదృష్టాలు రెండూ పోతాయి. మునగని వరం పోతుంది. కాపలాదారుకి ఈ పుస్తకంలో ఏమీ ఇవ్వలేదు, ఒక లాంతరు తప్ప.”

“గుర్తుంది.”

“ఇరవై రెండేళ్ళు, నాయనా.”

“తెలుసు లోర్నా. నీ ప్రశ్న అడుగు.”

“ఎందుకు రాలేదు?”

హార్లన్ ఆమెకి జవాబు చెబుతున్నట్టు ఆమెకేసే చూశాడు. పక్కకి చూస్తే మాట పెగలదని భయం.

“మొదటిసారి గాలి బాగోలేదు. అది నిజమే. తర్వాత గాలి బాగానే ఉంది. అప్పటికి చాలా రోజులైపోయింది. ఇంత ఆలస్యం చేసి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలనుకున్నాడు. అలా అనుకున్నకొద్దీ ఇంకా ఆలస్యమైంది. వేరే కారణం ఏమీ లేదు. రాక్షసుడు లేడు, తుఫాను లేదు. పిరికివాడు, అంతే.”

మారెన్ తన సంచిలోంచి పెన్ను తీసి తండ్రి ముందు పెట్టింది. ఆ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా అన్నీ పెన్సిల్‌తోనే రాస్తారు, ఎప్పుడు ఏది చెరపాల్సి వస్తుందో తెలీదు గనక.

“దీంతో రాయి” అంది.

రాశాడు. చేతిరాత ఇన్‌స్పెక్టరుగారి రాతలా లేదు.

అప్పుడు కథ మొదలైంది. రేవులో చేపల సంత, పొగమంచు, ఒంటికాలు మీద గెంతే వెర్న్ అనాథ. ఈసారి కాలు పాచిక తియ్యలేదు, అతనే అలవాటుకొద్దీ రాసుకున్నాడు. సంతలో ఒక ముసలివాడు నూనె డబ్బా బేరమాడుతున్నాడు. ఇస్సా అతన్ని చూసింది. ఎక్కడో చూసినట్టుందనుకుంది. ఏం మాట్లాడాలో హార్లన్ మనసులో మూడు రకాలుగా కూర్చుకున్నాడు, మూడింటినీ పోల్చుకున్నాడు, రెండోది మేలనుకుని నోరు తెరిచాడు.

“ఆగు” అంది లోర్నా. “వెనక నుంచి ఎవరో నీ నెత్తి మీద గోనెసంచి వేశారు. పాచిక వెయ్యి.”

ఇరవై ముఖాల పాచికని హార్లన్ వేశాడు. ఒకటి పడింది. మళ్ళీ వేసుకోవడానికి అదృష్టాలు లేవు.

“నల్ల తెరచాప ఓడలో, ఇనుప బోనులో ఉన్నావు. ఓడ కదిలిపోయింది” అంది లోర్నా, క్రింగిల్ మీది చక్కెర పొడి దులుపుతూ.

“ఇంకా గంట కూడా కాలేదు” అన్నాడు హార్లన్. “రెండో వారం దాకా అయినా ఆగేదానివి.”

“ఏం చెయ్యను, నీ కాగితం మీద కూతురుంది మరి. ఊరుకోలేను.”

“నీ పట్టికలో ఈ మాట అక్షరాలా ఉందిరా” అన్నాడు వెర్న్. “వరుస నంబరు అరవై ఏడు.”

అంతటితో ఆ పూటకి హార్లన్ ఆట అయిపోయింది. బోనులో ఉన్నవాడికి చెయ్యడానికి ఏముంటుంది, కూర్చుంటాడు. కూర్చున్నాడు. మిగతా రెండు గంటలూ ఒంటికాలి అనాథనీ, ఒక చిన్న పడవనీ వెంటేసుకుని మారెన్ పొగమంచులో ఆ ఓడని వెతికింది. ఒకసారి దాదాపు అందుకుంది. తాడు విసిరితే పాచిక తప్పింది. బల్ల మీద గట్టిగా చరిచింది. ఆ చరుపు విని హార్లన్ తలవంచుకుని మేజోళ్ళకేసి చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి బోనులో ఉన్నవాడికి అనుమతి ఉందో లేదో పుస్తకంలో రాయలేదు.

ఐదింటికి లోర్నా పుస్తకం మూసేసింది. మారెన్ తన పాచికలు ఏరి సంచిలో వేసుకుంది, కప్పు కిందున్న పట్టికని అక్కడే వదిలేసింది, మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకోసాగింది.

“వచ్చే వారం ఎన్నింటికి?” అని అడిగింది.

“ఒంటిగంటకి” అంది లోర్నా. “షిఫ్టు పడేలా ఉందన్నావు?”

“ఎవరికైనా ఇచ్చేస్తాను.” ఒక బూటు లేసు ముడేసి రెండోది అందుకుంది. “మా నాన్న బోనులో ఉన్నాడు కదా.”